మంట ఆర్పిన తర్వాత ఉడికే వంట: గడ్డిపెట్టె గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలోని మా వంటింట్లో ఒక మూలన గడ్డి నింపిన చెక్కపెట్టె ఉంటుంది. పొయ్యి మీద తెర్లిన గిన్నెను అందులో పెట్టి కప్పేస్తే మిగిలిన ఉడుకు అక్కడే పూర్తవుతుంది. దాన్ని చూసిన బంధువులూ ఇరుగుపొరుగువారూ అడిగే సందేహాలు దాదాపు ఒకటే కావడం వల్ల, ఒకరికి ఫోనులో చెప్పినదే మరునాడు మరొకరికి చెప్పవలసి వస్తున్నది. అందుకే వాటిని ఇక్కడ వరుసగా రాసి పెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న వారు నేరుగా చదువుకోవచ్చు; ప్రతి జవాబూ విడిగా అర్థమయ్యేలా రాయడం వల్ల కొన్ని మాటలు రెండు మూడు చోట్ల మళ్ళీ కనిపిస్తాయి.

## మొదలుపెట్టక ముందు

మంట లేకుండా వంట ఎలా ఉడుకుతుంది? నమ్మబుద్ధి కావడం లేదు.

అన్నం దించిన తర్వాత మూత తీయకుండా పది నిమిషాలు ఉమ్మగిల్లనివ్వడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న అలవాటే. దించేటప్పుడు కాస్త పలుకుగా ఉన్న మెతుకు ఆ పది నిమిషాల్లో గిన్నెలోని వేడితోనే మెత్తబడుతుంది. ఆ పది నిమిషాలను గంటకో, మూడు గంటలకో పొడిగించడమే ఈ పద్ధతి. గింజ ఉడకడమంటే దాని లోపలిదాకా నీరూ వేడీ చేరడం. బియ్యంలోని పిండిపదార్థం సుమారు 65 నుంచి 80 డిగ్రీల మధ్యనే నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. అంటే నీరు ఎల్లప్పుడూ కుతకుతలాడుతూ ఉండవలసిన పని లేదు. ఒకసారి బాగా తెర్లిన గిన్నెను చల్లారనివ్వకుండా దట్టంగా కప్పి ఉంచితే, ఆ వేడి గంటల తరబడి నిలిచి, మంట చేయవలసిన పనిని తానే చేస్తుంది.

ఇంతకీ గ్యాస్ ఎక్కడ వృథా అవుతోంది? నేను సన్న సెగ మీదే వండుతాను కదా.

ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేయడానికి 70 కిలోకేలరీల వేడి కావాలి. అదే లీటరు నీరు పూర్తిగా ఆవిరైపోవడానికి మరో 540 కిలోకేలరీలు కావాలి, అంటే దాదాపు ఎనిమిది రెట్లు. మూత వారగా పెట్టి గంటసేపు ఉలవలు ఉడికించినప్పుడు మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోయవలసి వచ్చిందంటే, ఆ పోయిన నీటితో పాటు ఎంత గ్యాస్ పోయిందో దీన్నిబట్టి ఊహించవచ్చు. తెర్లు వచ్చిన తర్వాత మంట ఎంత పెంచినా మూత బిగించని గిన్నెలో నీటి వేడి 100 డిగ్రీలు దాటదు; వంట త్వరగా కాదు, ఆవిరి మాత్రం ఎక్కువగా పోతుంది. సన్న సెగ ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. అయినా గిన్నె పక్కలనుంచి గాలిలోకి పోయే వేడిని పూడ్చడానికి ఆ సెగ చివరిదాకా మండుతూనే ఉండాలి. గడ్డిపెట్టె ఆ పక్కలనుంచి పోయే వేడినే ఆపుతుంది.

కుక్కర్ ఉండగా ఈ పెట్టె ఎందుకు?

ఇది న్యాయమైన ప్రశ్న. ఆవిరి ఒత్తిడి వల్ల కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దగ్గరకు చేరుతుంది. కందిపప్పు, బియ్యం కుక్కర్‌లో పెట్టేవారికి పెట్టె వల్ల కలిగే అదనపు పొదుపు తక్కువేనని ఒప్పుకోవాలి. లాభం ఎక్కువగా కనిపించేది ఎక్కువసేపు ఉడికే ఉలవలు, శనగలు, అలసందలు, నాటుకోడి వంటి వాటిలోనూ, గిన్నెలో వండితేనే రుచి అనిపించే సంగటి వంటి వాటిలోనూ. ఇక ఈ రెంటినీ కలిపి వాడటం అన్నింటికంటే మేలు. ఆరు విజిల్స్ పడే శనగలకు రెండు విజిల్స్ రాగానే పొయ్యి ఆర్పి, కుక్కర్‌ను పెట్టెలో పెట్టి కప్పితే ఒత్తిడి చాలా నెమ్మదిగా దిగుతుంది. మిగిలిన నాలుగు విజిల్స్ పని అప్పుడు జరుగుతుంది.

దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి. ఇంకా ఈ శ్రమ అవసరమా?

2024 దీపావళికి మొదలైన దీపం-2 పథకం కింద అర్హులైన కుటుంబాలకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. సిలిండర్‌కు 14.2 కిలోల చొప్పున అది 42.6 కిలోల గ్యాస్. నలుగురైదుగురు ఉన్న ఇంటికి అది ఏడాది పొడుగునా సరిపోవడం కష్టం; నాలుగో సిలిండర్ నుంచి డబ్బు మనదే. ఆ నాలుగోది ఎంత ఆలస్యంగా అవసరమైతే అంత మిగులు. గ్యాస్ సంగతి పక్కన పెట్టినా, మే నెలలో 40 డిగ్రీలు దాటే తిరుపతి ఎండల్లో వంటింట్లో పొయ్యి గంట తక్కువ మండటమే పెద్ద ఊరట. మా ఇంట్లో ఈ పెట్టె నిలిచింది నిజానికి ఆ ఊరట వల్లనే.

ఇది మన పెద్దల దాలి లాంటిదేనా? లేక బయటినుంచి వచ్చిందా?

పోలిక ఉంది కాని రెండూ ఒకటి కావు. దాలిలో పిడకలు నిప్పై రాజుకుంటూ పాలకుండకు గంటల తరబడి కొంచెం కొంచెం వేడిని అందిస్తూనే ఉంటాయి. అందుకే పాలు ఎర్రగా కాగి మీగడ కట్టేవి. గడ్డిపెట్టెలో కొత్త వేడి పుట్టదు. లోపలికి తీసుకెళ్ళిన వేడి మెల్లగా తరుగుతూ పోతుందే తప్ప పెరగదు. ఈ తేడా మరచిపోయి పాలను పెట్టెలో పెడితే అవి కాగవు సరికదా, గోరువెచ్చగా మిగిలి విరిగిపోతాయి. పెట్టె రూపంలో ఈ పద్ధతి ఐరోపాలో ప్రచారమైంది. నార్వే నుంచి వచ్చిన ఇటువంటి వంటపెట్టెను 1867 నాటి పారిస్ ప్రదర్శనలో ఉంచారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంధనం కరువైనప్పుడు బ్రిటన్‌లో ఎండుగడ్డి పెట్టెలు వాడారు. దాని వెనక ఉన్న సూత్రం మాత్రం మన ‘ఉమ్మగిల్లడం’ అనే మాటలోనే ఉంది.

## పెట్టె సిద్ధం చేసుకునేటప్పుడు

ఏమేమి సామాను కావాలి? ఖర్చెంత అవుతుంది?

ఇంట్లో ఉన్న వస్తువులతో మొదలుపెడితే ఖర్చే ఉండదు. ఒక చెక్కపెట్టె, పాత ట్రంకుపెట్టె, వెదురుగంప లేదా మందపు అట్టపెట్టె బయటి భాగానికి చాలు. లోపల నింపడానికి పొడిగా ఉండి, మధ్యమధ్య గాలిని పట్టి ఉంచే పదార్థం ఏదైనా పనికివస్తుంది; వేడిని ఆపేది నిజానికి ఆ కదలని గాలే. పల్లెల్లో వరిగడ్డి, వరి ఊక, శెనక్కాయ పొట్టు సులభంగా దొరుకుతాయి. ఊకనూ పొట్టునూ పాత దిండు గలేబుల్లో నింపి మూతి కుట్టేస్తే వంటింట్లో చెత్త రాలదు. పట్నంలో ఉండేవారికి పాత బొంతలు, కంబళ్ళు, చిరిగిన పరుపులోని దూది చాలు. అన్నింటిలోకీ నాకు బాగా నచ్చినది బూరుగుదూది. అది తేలికగా ఉండి, అణిగిపోకుండా, వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది.

గిన్నె చుట్టూ, కింద, పైన అన్ని వైపులా కనీసం నాలుగు అంగుళాల మందం ఉండాలి. చాలామంది పక్కలను దట్టంగా నింపి పైన ఒక పలుచని తుండు కప్పుతారు. వేడి గాలి పైకే పోతుంది కనుక నిజానికి పైభాగానికే అన్నింటికంటే మందమైన దిండు కావాలి. గిన్నెను మధ్యలో ఉంచి దాని చుట్టూ గడ్డి కూరితే గూడులాంటి ఆకారం ఏర్పడుతుంది, ఆ గూట్లో గిన్నె బిగుతుగా దిగాలి. గిన్నెకూ గడ్డికీ మధ్య ఖాళీ మిగిలితే అక్కడ గాలి తిరుగుతూ వేడిని మోసుకుపోతుంది.

మందులూ చేపలూ వచ్చే థర్మాకోల్ పెట్టె వాడవచ్చా?

వాడవచ్చు, వేడిని బాగా ఆపుతుంది కూడా. కాని థర్మాకోల్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడి కుంగిపోతుంది. నా మొదటి పెట్టె అలాగే పాడైంది. పొయ్యి మీదనుంచి దించిన తపేలాను నేరుగా పెట్టాను, అడుగున తపేలా ఆకారంలో గుంట పడి, పప్పుకు ప్లాస్టిక్ వాసన పట్టింది. అడుగున చెక్కపలకనో నాలుగు మడతల గోనెపట్టానో వేసి, గిన్నెను మందమైన గుడ్డలో చుట్టి పెడితే ఆ ఇబ్బంది ఉండదు. చేపలు వచ్చిన పెట్టె అయితే ఎంత కడిగినా నీచువాసన పూర్తిగా పోదు కనుక వద్దనే చెబుతాను.

ఎలాంటి గిన్నె మంచిది? పలమనేరు మట్టికుండలో చేయవచ్చా?

మూత బిగుతుగా కూర్చునే, పొడవైన పిడి లేని, అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె అన్నింటికీ అనువైనది. పిడి అడ్డుపడితే గడ్డి సరిగా కూరుకోదు. చింతపండో టమాటానో వేసిన వంటను గంటల తరబడి అల్యూమినియం గిన్నెలోనూ, కళాయి లేని ఇత్తడి గిన్నెలోనూ ఉంచకూడదు. మట్టికుండ తానే చాలా వేడిని పట్టి ఉంచుతుంది కనుక సంగటికీ పులుసుకూ బాగుంటుంది. అయితే మట్టిలో పీల్చుకున్న తేమ బయటికి చెమర్చి గడ్డిని తడుపుతుంది. వాడకం వల్ల బాగా పదునెక్కిన కుండను, పొడిగుడ్డలో చుట్టి పెట్టడం మంచిది. పెట్టె కోసమని కొత్తగా ఏమీ కొననవసరం లేదు.

నా పెట్టె బాగా పనిచేస్తున్నదని ఎలా తెలుసుకోవాలి?

వంటకు ముందు నీళ్ళతో పరీక్షించండి. గిన్నెను ముప్పాతిక వరకు నీళ్ళతో నింపి, బాగా తెర్లనిచ్చి, మూతతో సహా వెంటనే పెట్టెలో పెట్టి కప్పి, నాలుగు గంటల తర్వాత వంట థర్మామీటర్‌తో వేడి చూడండి. 70 డిగ్రీలకు పైన ఉంటే పెట్టె చాలా బాగున్నట్టు. 60కి పైన ఉంటే వాడుకోవచ్చు. అంతకంటే తక్కువైతే గడ్డి ఇంకా దట్టంగా కూరి, పైదిండు మందం పెంచాలి. జ్వరం చూసే థర్మామీటర్ ఇందుకు పనికిరాదు, పగిలిపోతుంది. వేలు పెట్టి చూడటం కూడా కొలత కాదు, 55 డిగ్రీలైనా 75 డిగ్రీలైనా వేలికి ఒకేలా చురుక్కుమంటుంది.

యూనివర్సిటీ దగ్గర గదిలో ఒక్కడినే ఉంటాను. గ్లాసెడు బియ్యానికి ఇదంతా పనిచేస్తుందా?

చిన్న గిన్నె త్వరగా చల్లారుతుంది, ఎందుకంటే లోపలున్న పదార్థంతో పోలిస్తే వేడి పోయే ఉపరితలం ఎక్కువ. లీటరు కంటే తక్కువ పదార్థంతో గడ్డిపెట్టె నిరాశపరుస్తుంది. ఒంటరిగా ఉండేవారికి వెడల్పు మూతి ఉన్న స్టీలు ఫ్లాస్కు మేలు. ముందుగా దాన్ని మరిగే నీళ్ళతో నింపి ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి, ఆ నీళ్ళు పారబోసి, గిన్నెలో ఐదు నిమిషాలు తెర్లిన బియ్యాన్ని నీటితో సహా అందులో పోసి బిగిస్తే అరగంటలో మెత్తని అన్నం అవుతుంది. రాత్రి నానబెట్టిన పెసలు పది నిమిషాలు తెర్లించి పోస్తే గంటన్నరలో గుగ్గిళ్ళు సిద్ధం. ఫ్లాస్కు అంచు దాకా నింపకుండా, ఉబ్బడానికి కొంత చోటు వదలాలి.

## వండేటప్పుడు

వరుసగా ఏం చేయాలో ఒకసారి చెప్పండి.

గింజలైతే ముందుగా నానబెట్టాలి. గిన్నెను కనీసం ముప్పాతిక భాగం నిండేలా ఎంచుకొని, మూత పెట్టి, పదార్థమంతా కుతకుతలాడేదాకా తెర్లించాలి. తెర్లు వచ్చిన వెంటనే దించకూడదు; ముక్క లోపలిదాకా వేడెక్కడానికి ఆ వంటకు తగిన కొన్ని నిమిషాలు మూతతోనే తెర్లుతూ ఉండాలి. ఈలోగా పెట్టెను పొయ్యి పక్కకు తెచ్చి, పైదిండు తీసి సిద్ధంగా ఉంచుకోవాలి. పొయ్యి ఆర్పడానికీ గిన్నె కప్పడానికీ మధ్య అర నిమిషం కంటే ఎక్కువ పట్టకూడదు. ఆ తర్వాత గడియారం చూసి సమయం ఒక కాగితం మీద రాసి పెట్టెకు అంటించండి. ఇద్దరు వంట చేసే ఇంట్లో ఈ కాగితం చాలా గొడవలను ఆపుతుంది.

నీళ్ళు ఎన్ని పోయాలి? మొదటిసారి అన్నం జావ అయింది.

పొయ్యి మీద ఆవిరై పోయే నీళ్ళు ఇక్కడ పోవు కనుక ఆ మేరకు తగ్గించాలి. గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసులు పోసే అలవాటు ఉంటే రెండుతో మొదలుపెట్టి, మీ బియ్యం పాతదా కొత్తదా అన్నదాన్నిబట్టి సరిచేసుకోండి. ఎసరు గింజకు సరిపడా పెట్టే అత్తెసరు అన్నం చేయడం తెలిసినవారికి ఈ లెక్క వెంటనే పట్టుబడుతుంది. గంజి వార్చే పద్ధతి పెట్టెకు కుదరదు. పప్పులకు గింజ మునిగి ఒక అంగుళం పైన నీళ్ళు చాలు.

మధ్యలో ఉడికిందో లేదో మూత తీసి చూడవచ్చా?

చూడకూడదు. ఒకసారి మూత తీస్తే పైన చేరిన ఆవిరంతా పోయి వేడి ఒక్కసారిగా పడిపోతుంది, దాన్ని తిరిగి తెచ్చే మంట కింద లేదు. అనుకున్న సమయానికి ముందే తీయవలసి వస్తే, గిన్నెను పొయ్యి మీద మళ్ళీ బాగా తెర్లించిన తర్వాతే పెట్టెలో పెట్టాలి.

ఎంతసేపు ఉంచినా పప్పు గట్టిగానే ఉంది. కారణమేమిటి?

నాలుగు కారణాలు ఉండవచ్చు. మొదటిది పులుపు. చింతపండు, టమాటా, పుల్లగూర ముందే వేస్తే గింజ మెత్తబడటం బాగా మందగిస్తుంది. పొయ్యి మీద ఎక్కువసేపు ఉడికించి దాటించగలిగే ఈ ఇబ్బందిని పెట్టెలో దాటించలేము. పప్పు పూర్తిగా మెత్తబడిన తర్వాతే పులుపు వేసి ఐదు నిమిషాలు పొయ్యి మీద ఉడికించండి. రెండవది నీళ్ళు. మన వైపు చాలా ఊళ్ళలో బోరునీళ్ళు ఉప్పునీళ్ళు. కాఫీ పెట్టే గిన్నెకు తెల్లని పెచ్చు కట్టే నీళ్ళలో పప్పు సరిగా ఉడకదు. అటువంటప్పుడు తాగే నీళ్ళే వాడాలి. మూడవది పాతబడిన పప్పు. ఏడాది దాటిన శనగలు నానబెట్టినా మొండికేస్తాయి. నాలుగవది ఊరి ఎత్తు. తిరుపతిలో నీరు దాదాపు 100 డిగ్రీల దగ్గర మరిగితే, సుమారు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లెలో దాదాపు రెండు డిగ్రీల ముందే మరుగుతుంది, హార్స్‌లీ హిల్స్ మీద దాదాపు 96 డిగ్రీలకే. ఆ వైపు ఉన్నవారు తెర్లించే సమయం ఐదు నిమిషాలు, పెట్టెలో ఉంచే సమయం అరగంట పెంచుకోవాలి.

తిరగమోత ఎప్పుడు పెట్టాలి?

పెట్టెలోనుంచి తీసిన తర్వాత. ముందే పెడితే ఆవాలు, కరివేపాకు మెత్తబడి కమ్మదనం పోతుంది. మాంసం కూరకు మాత్రం ఎర్రగడ్డలు, మసాలా ముందే వేయించి చేయాలి.

మా ఊళ్ళో కట్టెల పొయ్యి. దానికీ పనికివస్తుందా?

ఇంకా బాగా పనికివస్తుంది, ఎందుకంటే కట్టె తగ్గితే పొగ కూడా తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. గిన్నె అడుగున నిప్పురవ్వ గానీ కాలే మసి గానీ అంటుకొని ఉంటే గడ్డి రాజుకునే ప్రమాదం ఉంది. దించిన గిన్నె అడుగును తడిగోనెతో తుడిచి, రేకు పరిచిన అడుగు మీద పెట్టండి. పెట్టెను పొయ్యికి ఆనించి ఎప్పుడూ ఉంచకండి.

కుక్కర్‌ను పెట్టెలో పెడితే ప్రమాదం కాదా?

పొయ్యి ఆర్పిన తర్వాత ఒత్తిడి తగ్గడమే తప్ప పెరగదు కనుక ప్రమాదం లేదు. విజిల్ వస్తున్నప్పుడు మాత్రం కదిలించకూడదు, అది ఆగిన తర్వాత నిటారుగా ఎత్తి పెట్టాలి. తీసిన తర్వాత వెయిట్‌ను కొంచెం ఎత్తి లోపల ఆవిరి మిగల్లేదని తెలుసుకున్నాకే మూత తీయాలి. బయట చల్లారిన కుక్కర్‌లాగే ఇదీ ఉంటుందనుకుంటే చేయి కాలుతుంది.

## ఏ వంటకు ఎంతసేపు

రాగిసంగటి పెట్టెలో వస్తుందా?

ఈ పెట్టెకు సంగటి అంత చక్కగా నప్పే వంట మరొకటి నాకు కనిపించలేదు. ఎందుకంటే పిండి పోసి, కలపకుండా, మూత పెట్టి మగ్గనివ్వడం సంగటి చేసే విధానంలో ముందునుంచే ఉంది. నానిన బియ్యాన్నో నూకలనో ఎక్కువ నీళ్ళతో మెత్తగా ఉడికించి, దాని మీద రాగిపిండిని గుట్టగా పోసి, తెడ్డు కాడతో మధ్యలో ఒక బొక్క చేసి, మూత పెట్టి రెండు మూడు నిమిషాలు తెర్లనివ్వండి. ఆ బొక్కలోనుంచి నీళ్ళు బుడబుడమని పైకి వస్తున్నప్పుడు పొయ్యి ఆర్పి పెట్టెలో అరగంట ఉంచండి. తీసిన తర్వాత సన్న సెగ మీద ఒకటి రెండు నిమిషాలు పెట్టి, తెడ్డుతో గట్టిగా కెలికి ముద్దలు చేయాలి. పొయ్యి మీద మగ్గించినప్పుడు పిండి పచ్చివాసన పోవడానికి ఎదురుచూస్తూ అడుగు మాడ్చుకోవడం అందరికీ అనుభవమే; పెట్టెలో అడుగు మాడదు. నేను మొదట్లో కెలికిన తర్వాత పెట్టెలో పెట్టి చూశాను, ఉండలు గట్టిపడి సంగటి చెడింది. ముందు మగ్గాలి, తర్వాతే కెలకాలి.

అన్నానికి, పప్పుకు, ఉలవలకు లెక్క చెప్పండి.

ఈ లెక్కలు రెండు లీటర్లకు తగ్గని గిన్నెకు, తిరుపతి ఎత్తుకు సరిపోతాయి. అరగంట నానిన బియ్యం ఐదు నిమిషాలు తెర్లితే పెట్టెలో నలభై నిమిషాలు చాలు. అరగంట నానిన కందిబేడలు పది నిమిషాలు తెర్లించి గంటన్నర నుంచి రెండు గంటలు ఉంచాలి. అలసందలు, పెసలు రాత్రంతా నానితే పది నిమిషాలు, రెండు గంటలు. నల్లశనగలు నానిన తర్వాత ఇరవై నిమిషాలు తెర్లి, మూడు గంటలు ఉండాలి. ఉలవలు అన్నింటికంటే మొండివి; రాత్రంతా నానబెట్టి, ఇరవై నిమిషాలు తెర్లించి, రెండు గంటలు పెట్టెలో ఉంచి, తీసి మరో ఐదు నిమిషాలు తెర్లించి, మళ్ళీ రెండు గంటలు ఉంచాలి. గంటసేపు మంట మీద ఉండవలసిన ఉలవలకు తెర్లు వచ్చాక పొయ్యి వెలిగేది అరగంట లోపే, ఉలవకట్టు కూడా చిక్కగా దిగుతుంది. ఉర్లగడ్డలు ముక్కలు చేస్తే ఐదు నిమిషాలు, ముప్పావుగంట. కోడిగుడ్లు నీళ్ళలో తెర్లు రాగానే ఆర్పి కప్పితే పావుగంటలో గట్టిగా ఉడుకుతాయి.

సంక్రాంతి వేళ పితికిపప్పు ఇందులో చేయవచ్చా?

చేయవచ్చు. నానబెట్టి పొట్టు పితికిన అనపగింజలు లేతవి కనుక ఎనిమిది పది నిమిషాలు తెర్లించి, గంట ఉంచితే చాలు. అంతకు మించితే గింజ చెదిరి ముద్దవుతుంది. కూర మసాలా విడిగా నూరి వేయించుకొని, తీసిన తర్వాత కలిపి ఐదు నిమిషాలు ఉడికించండి.

రాజ్మాకు కూడా ఇదే పద్ధతా?

రాజ్మా విషయంలో తొందర ప్రమాదకరం. పచ్చి రాజ్మాలో ఉండే ఒక సహజ విషపదార్థం నాలుగైదు గింజలతోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలిగించగలదు. అది పోవాలంటే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో బాగా కుతకుతలాడేలా తెర్లించాలి. 80 డిగ్రీల లోపు వేడిలో చాలాసేపు ఉంచితే ఆ విషం తగ్గకపోగా పెరిగే అవకాశం కూడా ఉంది. అందువల్ల రాజ్మాను అరగంట పాటు తెర్లించకుండా పెట్టెలో పెట్టవద్దు. కుక్కర్‌లో వండుకుంటే ఇంకా నిశ్చింత.

మాంసం?

చిన్న ముక్కలుగా కోసి, పులుసు ముక్కలు మునిగేటంత ఉండేలా చూసి, అరగంట తెర్లించి, వేటమాంసమైనా నాటుకోడి అయినా మూడు గంటలు ఉంచాలి. తీసిన వెంటనే మళ్ళీ బాగా తెర్లించాకే వడ్డించాలి. బ్రాయిలర్ కోడికి పొయ్యి మీద పట్టేదే తక్కువ సమయం, దానికి పెట్టె అనవసరం.

ఏవి అసలు కుదరవు?

వేపుళ్ళు, దోసెలు, ఇడ్లీలు, ఉప్మా, పాలు. ఎర్రగా వేగవలసినదీ, ఆవిరి ఆగకుండా తగలవలసినదీ ఏదైనా పొయ్యి మీదే చేయాలి. వేడి తగ్గే చోట మంట చేసే పని జరగదు.

## తినేముందు తెలుసుకోవలసినవి

ఎన్ని గంటలు ఉంచవచ్చు? రాత్రి పెట్టి ఉదయం తీయవచ్చా?

రాత్రంతా ఉంచకండి. తెర్లినప్పుడు సూక్ష్మజీవులు చనిపోయినా, వాటిలో కొన్నింటి సిద్ధబీజాలు, అంటే వేడిని తట్టుకునే విత్తనాల వంటి రూపాలు, బతికి ఉంటాయి. అన్నంలో కనిపించే బాసిల్లస్ సీరియస్ అటువంటిదే. వంట వేడి 60 డిగ్రీల కంటే తగ్గి గోరువెచ్చగా ఉన్నప్పుడు అవి మొలకెత్తి వేగంగా పెరుగుతాయి. కొన్ని విడుదల చేసే విషం తర్వాత మళ్ళీ కాచినా పోదు. వాసన, రుచి మారకుండానే ఇది జరగవచ్చు. మంచి పెట్టెలో నాలుగు గంటల దాకా వేడి 60 డిగ్రీలకు పైన ఉంటుంది కనుక దాన్నే హద్దుగా పెట్టుకోండి. ఉదయం ఎనిమిదికి ఆఫీసుకు వెళ్ళి సాయంత్రం ఆరుకు వచ్చేవారు ఉదయం గింజలు నానబెట్టి వెళ్ళి, వచ్చాక పెట్టెలో పెట్టుకోవడమే సరైనది. ఇది నేను ఎవరికి చెప్పినా మొదట నచ్చదు. అయినా ఈ విషయంలో సర్దుబాటు చేసుకోవడానికి వీల్లేదు.

తీసి చూస్తే గోరువెచ్చగానే ఉంది. మళ్ళీ కాచి తినవచ్చా?

ఎప్పుడు పెట్టారో తెలిసి, గంట గంటన్నర లోపే అయితే, బాగా తెర్లించి పొయ్యి మీదే వంట పూర్తి చేయండి. నాలుగైదు గంటల తర్వాత గోరువెచ్చగా కనిపిస్తే, అది ఎప్పటినుంచి అలా ఉందో తెలియదు కనుక పారబోయడమే మంచిది. మాంసం, అన్నం విషయంలో అసలు ఆలోచించవద్దు.

తిరుమల శనివారాలకు ఇరవై మందికి వండుతాం. అంత పెద్ద గిన్నెకు పనిచేస్తుందా?

పెద్ద గిన్నె వేడిని ఎక్కువసేపు నిలుపుకుంటుంది, కనుక చక్కెర పొంగలి, అన్నం, పప్పు వండి పూజ అయ్యేదాకా వేడిగా ఉంచడానికి పెట్టె బాగా ఉపయోగపడుతుంది. కాని వడ్డన తర్వాత మిగిలినది ఆ పెట్టెలోనే వదిలేస్తే, పెద్ద మొత్తం కావడం వల్లనే గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. మిగిలినది వెడల్పాటి పళ్ళేల్లో పరచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. దద్దోజనం మాత్రం పెట్టెలో పెట్టకూడదు, పులిసిపోతుంది.

పిల్లలున్న ఇల్లు. పొయ్యి కంటే ఇది సురక్షితమేనా?

మంట లేదు కనుక చాలావరకు అవును. అయితే పెట్టె బయట చల్లగా ఉండటం వల్ల లోపల కాగే గిన్నె ఉందని పిల్లలకు తెలియదు. నేల మీద ఉంచితే మూతకు ఒక కొక్కెం పెట్టండి.

## కొన్నాళ్ళు వాడిన తర్వాత

గ్యాస్ నిజంగా ఎంత మిగిలిందో ఎలా లెక్కించాలి?

సిలిండర్ ఎన్ని రోజులు వచ్చిందన్న లెక్క సరిపోదు, చుట్టాలు వచ్చిన నెలకూ రాని నెలకూ పోలిక ఉండదు. సిలిండర్ పైభాగంలో దాని ఖాళీ బరువు ముద్రించి ఉంటుంది. తూకం మీద పెట్టి చూసి, ఆ బరువు తీసేస్తే మిగిలిన గ్యాస్ తెలుస్తుంది. ఒక వారం పెట్టె లేకుండా, ఒక వారం పెట్టెతో, దాదాపు అవే వంటలు చేసి రెండు వారాల తేడా చూడండి. అంత ఓపిక లేకపోతే, ఒక వంటకు బర్నర్ ఎన్ని నిమిషాలు వెలిగిందో రాసుకున్నా చాలు.

పెట్టెలో ముక్కిన వాసన వస్తోంది, చీమలూ చేరాయి.

గిన్నె పొంగి కారడం, చెమర్చిన తేమ ఇంకిపోవడం ఇందుకు కారణాలు. తడిసిన గడ్డి వేడిని ఆపదు. దిండ్లను వారానికోసారి ఎండలో వేయండి, మన ఎండకు గంట చాలు. వరిగడ్డిని రెండు మూడు నెలలకోసారి మార్చాలి. ఎండిన వేపాకు అడుగున పరిస్తే పురుగు పట్టదు. ఎలుకలున్న ఇంట్లో శెనక్కాయ పొట్టు వాడకపోవడమే నయం. అందులో మిగిలిన గింజల కోసం అవి దిండును కొరికేస్తాయి.

వంట లేనప్పుడు పెట్టె వేరే దేనికైనా పనికివస్తుందా?

చలికాలంలో పెరుగు తోడుకోని ఇళ్ళలో బాగా పనికివస్తుంది. కాచి, వేలు ఓర్చుకునేంత వేడికి చల్లార్చిన పాలలో తోడు వేసి, గిన్నెను పెట్టెలో పెడితే ఐదారు గంటల్లో గట్టిగా తోడుకుంటుంది. తోడుకున్న వెంటనే బయటికి తీయకపోతే పులుస్తుంది. మదనపల్లె వైపు చలికి దోసెపిండి పులవనప్పుడు, పిండిగిన్నె పక్కన వేడినీళ్ళ సీసా ఒకటి పెట్టి కప్పితే తెల్లవారేసరికి పొంగుతుంది. వేసవిలో ఇదే పెట్టెలో ఐసుగడ్డ పెడితే అంత త్వరగా కరగదు.